మస్టాంగ్‌కు రిటర్న్ లైన్ వేస్తున్నారా?
సూపర్‌చార్జర్ పెట్టించాక నా 2003 మస్టాంగ్ జీటీని రిటర్న్ ఫ్యూయల్ సిస్టమ్‌కు మార్చాను. మామూలుగా ఈ కారులో పెట్రోలు ఇంజిన్‌కు వెళ్లడమే గానీ ట్యాంకుకు తిరిగి రాదు. ఫ్యూయల్ రైల్ మీది సెన్సర్‌ను చూసి, కంప్యూటర్ ఒక డ్రైవర్ మాడ్యూల్ ద్వారా పంపు వేగం మారుస్తుంది. పెద్ద పంపు లాగే కరెంటును ఆ మాడ్యూల్ తట్టుకోలేదు.

రిటర్న్ పద్ధతిలో పంపు ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. మిగిలిన పెట్రోలును రెగ్యులేటర్ వెనక్కి పంపేస్తుంది. వాక్యూమ్ గొట్టం తీసి 40 పీఎస్‌ఐకి సెట్ చేసి, మళ్లీ తగిలించాలి. 10 పీఎస్‌ఐ బూస్ట్ వచ్చినప్పుడు రైల్‌లో 50 చూపాలి. లేదంటే పెట్రోలు చాలక పిస్టన్లు కరుగుతాయి. ట్యూన్ కూడా మార్చాల్సిందే.

అసలు చెప్పాలనుకున్నది వైరింగ్ గురించి. పంపుకు బ్యాటరీ నుంచి విడిగా రిలే వేసే తొందరలో డిక్కీలోని ఇనర్షియా స్విచ్‌ను వదిలేశాను. కారు గుద్దుకుంటే పంపును ఆపేది అదే! నెల రోజులు పిల్లల్ని ఎక్కించుకుని అలాగే తిరిగాను. ఇప్పుడు రిలే ట్రిగ్గర్ వైరు ఆ స్విచ్ గుండానే వెళ్తోంది.

గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, లైన్లు విప్పే పని మాత్రం బయటే పెట్టుకోండి.