నల్లరేగడి నేలలో కథావిద్య

కోవిల్‌పట్టి, విరుదునగరము పరిసరములలోని నల్లరేగడి నేలను తమిళులు 'కరిసల్' అందురు. విజయనగర, మధుర నాయక రాజుల కాలములందు ఉత్తరమునుండి తరలివచ్చిన తెలుగువారి సంతతి ఇచ్చట నేటికిని గలదు. వీరిలో పెక్కుమందికి తెలుగు ఇంటిభాష. బడిభాష మాత్రము తమిళము. 2006 నాటి చట్టము ఒకటవ తరగతి మొదలు క్రమముగా పదవ తరగతి వరకు తమిళమును విధిపాఠము చేసిన పిమ్మట ఈ అంతరము మరింత స్థిరపడినది. అవ్వ నోట తెలుగున విన్న కథను విద్యార్థి తమిళమున వ్రాసి తెచ్చినచో, ఉపాధ్యాయుడు దానిని ఏ కొలతతో కొలువవలెను?

దీనికి సమాధానము కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసేవల్ గ్రామముననే లభించును. ఆ యూరి తెలుగు కుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్ బడిచదువు పూర్తిచేయలేదు. అయినను 1976లో వెలువడిన ఆయన తమిళ నవల 'గోపల్ల గ్రామము' తెలుగువారి వలసకు అక్షరరూప మిచ్చినది. దాని తరువాయి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఆ నవలలో చెన్నాదేవి యను కన్యను ఒక పాలకుడు కోరగా, బంధువర్గమంతయు ఆమెతో దక్షిణమునకు పారిపోవును. నది అడ్డుపడగా ఒడ్డునున్న చెట్టు వంగి వారిని దాటించును. చరిత్ర పరీక్షకుడు ఈ చెట్టును ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. వాస్తవిక కథానికలోనైనచో అది దోషమే. కాని నవలలో ఈ గాథను చెప్పునది మంగతాయారను వృద్ధురాలు. ఆమె నోట అది దోషము కాదు. ప్రాణభీతితో ఇల్లు విడిచిన ప్రజ తన ప్రయాణమును ఎట్లు జ్ఞాపక ముంచుకొన్నదో తెలుపు సాక్ష్యము.

ఆ రచయితయే వ్రాసిన 'కదవు' (తలుపు) కథానికలో ఏ చెట్టును వంగదు. శిస్తు బకాయికై బీదయింటి తలుపును ఊడదీసికొని పోవుదురు. చలికి పసివాడు మరణించును. పిల్లలు ఊగి ఆడుకొనిన ఆ తలుపే కథనంతయు మోయును. నేల యొక్కటే, రచయిత యొక్కడే. ప్రక్రియ మారగానే నియమము మారినది.

1980వ దశకమున పుదుచ్చేరి విశ్వవిద్యాలయము ఆయనను జానపద విజ్ఞాన ఆచార్యునిగా నియమించినది. పట్టము లేనివానికి అట్టి పీఠము దక్కుట మన దేశమున అరుదు. ఆయన సేకరించిన జానపద కథలు 2007లో 944 పుటల సంపుటముగ వెలువడినవి. కరిసల్ సీమ మాండలికమునకు ఆయన నిఘంటువును గూడ కూర్చెను. బడిపంతులు తప్పని దిద్దు మాటలే అందు ఆరోపములైనవి.

కావున ఒకే వలసగాథను విద్యార్థిచే మూడు విధముల వ్రాయించుట ఉచితము. విన్నది విన్నట్లు వ్రాసినపుడు అవ్వ పలుకుబడిని, పునరుక్తులను సైతము నిలిపినందుకే గుణములు వేయవలెను. కథానికగ మలచినపుడు ఏకాగ్రతను, కార్యకారణ సంబంధమును చూడవలెను. వ్యాసముగ వ్రాసినపుడు విన్నదానిని, ఆధారమున్నదానిని వేరుచేసెనా యని పరిశీలింపవలెను. తమిళ వాక్యము నడుమ దొరలిన ఇంటి తెలుగు మాట మొదటి రచనలో తప్పు కాదు. మూడవదానిలో మాత్రము విద్యార్థి దాని యర్థమును వివరింపవలసియుండును.