రెండోసారి కరెంటు

చివ్వెంల వైపు ఊళ్ళలో రేడియేషన్ అనే మాట తక్కువ. "పట్నంల కరెంటు పెట్టించుకొచ్చింది" అంటారు. తీగ ఉండదు, షాకు కొట్టదు, పేరు మాత్రం కరెంటే! దాని వెంట ఒక భయం కూడా: "ఒకసారి పెట్టినంక మళ్ల పెట్టొద్దంట గదా?"

భయం ఉత్తదేం కాదు. ఒకసారి తగిలిన డోసును చర్మం, పక్కటెముకలు మరిచిపోవు. అందుకే అదే రొమ్ములో గడ్డ మళ్ళీ వస్తే మొత్తం తీసేయడమే రివాజు.

ఒకప్పుడైతే మొదటిసారే తీసేసేవారు. అమెరికాలో హాల్‌స్టెడ్ చేసిన ఆపరేషనులో ఛాతీ కండ కూడా పోయేది. 1920లలో లండన్ సర్జన్ జెఫ్రీ కీన్స్ రొమ్ము కొయ్యకుండా రేడియం సూదులు గుచ్చి చూశాడు. ఆర్థికశాస్త్రం కీన్స్‌కు స్వయానా తమ్ముడు. అన్నమాట ప్రభుత్వాలు విన్నాయి గానీ, తమ్ముడి మాట సర్జన్లు చాలాకాలం వినలేదు. మన హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో 1955లో రేడియం ఆసుపత్రి వెలిసింది. ఇప్పుడది ఆయన పేరుతోనే ఎం.ఎన్.జె.

గడ్డ మాత్రం తీసి కరెంటు పెడితే ఆయుష్షు తగ్గదని మిలాన్‌లో వెరోనేసి 1981లో, అమెరికాలో ఫిషర్ 1985లో లెక్కలతో చూపారు. సరే, అప్పట్లో అయిదారు వారాలు రోజూ పెట్టించుకోవాల్సి వచ్చేది. సూర్యాపేట నుంచి పట్నం 130 కిలోమీటర్ల పైమాట. నాట్లు వదిలి అన్నాళ్ళు ఎవరింట్లో ఉండడం? "మొత్తం తీసెయ్యండి సారూ" అనే ఆడమనిషిని తప్పుపట్టగలమా?

ముంబై టాటా ఆసుపత్రి నుంచి లండన్ వెళ్ళిన జయంత్ వైద్య, అక్కడి సహచరులతో కలిసి 1998లో ఇంకో దారి తొక్కాడు. గడ్డ తీసిన గుంటలోనే, ఆపరేషను బల్లమీదే, చిన్న బంతి లాంటి కొస పెట్టి అరగంట ఎక్స్‌కిరణాలు. సెంటీమీటరు దాటితే వాటి జోరు బాగా తగ్గిపోతుంది. గుండె, ఊపిరితిత్తి దూరంగా ఉండిపోతాయి. పాత కరెంటు తిన్న రొమ్ముకు ఇది పనికొస్తుందని తర్వాత యూరపు డాక్టర్లు కొద్దిమందిలో ప్రయత్నించారు. అమెరికాలో బయటినుంచే, గడ్డ ఉన్న మేరకే, రోజుకు రెండుసార్లు మూడు వారాలు పెట్టి చూశారు. 58 మంది ఫలితాలు 2020లో అచ్చయ్యాయి: అయిదేళ్ళకు పదిమందిలో తొమ్మండుగురికి రొమ్ము నిలిచింది.

అందరికీ కాదు లెండి. గడ్డ చిన్నదై ఉండాలి, పాకి ఉండకూడదు. మొదటిసారి ఎక్కడ, ఎంత డోసు పెట్టారో డాక్టరుకు తెలియాలి. ఆ కాగితం పట్టాదారు పాసుపుస్తకం పక్కనే ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటే, సగం లెక్క అక్కడే తేలుతుంది.