మసిబారిన బాల్యం

18వ శతాబ్దపు లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే పని చిన్నపిల్లలది. బొగ్గు వాడకం పెరిగాక ఇళ్లకు సన్నని, వంకర్లు తిరిగిన గొట్టాలు కట్టారు. కొన్నింటి వెడల్పు తొమ్మిది అంగుళాలే. వాటిలో పెద్దవాళ్లు పట్టరు కనుక ఐదారేళ్ల పేద పిల్లలను, అనాథలను ఎక్కించేవారు. చర్మం మొద్దుబారాలని వాళ్ల మోచేతులను, మోకాళ్లను నిప్పు సెగ దగ్గర ఉప్పునీటితో రుద్దేవారు. రాత్రి మసి గోతాలే దుప్పట్లు. స్నానం అరుదు.

ఈ పనివారికి యుక్తవయసు దాటాక వృషణాల తిత్తి మీద పుండు లేచేది. దాన్ని సుఖవ్యాధిగా పొరబడేవారు. చర్మపు ముడతల్లో పేరుకున్న మసి వల్లే ఈ క్యాన్సర్ వస్తోందని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో రాశాడు. వృత్తికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని గుర్తించిన తొలి రచనల్లో అది ఒకటి. బొగ్గు తారు నుంచి క్యాన్సర్ కారకమైన బెంజోపైరీన్‌ను వేరుచేయగలిగింది మాత్రం 1933లోనే.

చట్టం నత్తనడక నడిచింది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని 1788 చట్టం చెప్పింది. 21 ఏళ్ల లోపువారిని గొట్టం ఎక్కించడాన్ని 1840 చట్టం నిషేధించింది. రెండూ సరిగా అమలు కాలేదు. 1875లో పోలీసు లైసెన్సు తప్పనిసరి చేశాకే ఈ దురాచారం ఆగింది. కారణం తెలిసిన నూరేళ్లకు గానీ పిల్లలకు రక్షణ దొరకలేదు.