యాకోబు, యాకూబ్, జేమ్స్: మూడు దారుల్లో వచ్చిన ఒకే పేరు

నేను పూతలపట్టు నుంచి మాట్లాడతా ఉన్నా. ఈసారి మా తాత పింఛన్ గొడవతో మొదలుపెడతాను.

మా తాత పేరు యాకోబు. ఆధార్‌లో అదే ఉంది. పింఛన్ కాగితంలో మాత్రం ఎవరో ‘యాకూబ్’ అని ఎక్కించినారు. ఆఫీసుకి పోతే, ‘ఇది ముస్లింల పేరు, నువ్వు వేరే మనిషివి’ అన్నారంట. రెండు నెలలు తిరిగినాడు పాపం. ఒకరోజు విసుగొచ్చి, ‘అసలు నా పేరుకి అర్థం ఏంది రా నాయనా?’ అని నన్నడిగినాడు. నాకు తెలీదు. అందుకే చదవడం మొదలుపెట్టా.

హీబ్రూలో ఈ పేరు ‘యాకోవ్’. బైబిల్ ఆదికాండంలో కవల పిల్లల కథ ఉంది. ముందు ఏశావు పుట్టాడు, వాడి మడమ పట్టుకుని రెండోవాడు వచ్చాడు. హీబ్రూలో ‘అకేవ్’ అంటే మడమ. అందుకే యాకోవ్. తర్వాత తమ్ముడు తండ్రి దీవెన కాజేస్తే, ‘వీడికి తగిన పేరే పెట్టారు, రెండుసార్లు మోసం చేశాడు’ అని ఏశావు ఏడుస్తాడు. ‘యాకోబు అంటే మోసగాడు’ అని వాట్సాప్‌లో తిరిగేది ఇక్కణ్ణుంచే. కానీ అది కథలోని మాటల ఆట. ‘దేవుడు కాపాడుగాక’ అనే పాత పేరుకి ఇది కురచ రూపం అని చాలామంది పండితులు అంటారు. ఈజిప్టులో దొరికిన, సుమారు 3,600 ఏళ్ల నాటి పురుగు ఆకారపు ముద్రల మీద ‘యాకుబ్-హర్’ అనే పాలకుడి పేరుంది. అంటే ఈ పేరు అప్పటికే వాడుకలో ఉంది.

దేవుణ్ణి పేరులో కలుపుకోవడం మనకేం కొత్త? మన చిత్తూరు పక్క మునెమ్మ, మునిరత్నం, వెంకటరమణ ఎంతమంది లేరు! హీబ్రూలో ‘ఏల్’ అంటే దేవుడు. దానియేలు అంటే ‘దేవుడే నా న్యాయాధిపతి’. ఇస్మాయిల్ అంటే ‘దేవుడు వింటాడు’. ఇస్సాకు మాత్రం సరదా పేరు, ‘నవ్వుతాడు’ అని అర్థం. ముసలితనంలో బిడ్డ పుడతాడంటే శారా నవ్వింది కదా, అందుకు.

సరే, ఒక్క పేరు ఇన్ని ఎట్లా అయింది? చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు మా ఊరి దగ్గర చీలి, ఒకటి తిరుపతికి, ఒకటి పీలేరు మీదుగా కడపకి పోతుంది చూడండి, అట్లా. గ్రీకులో అది ‘యాకోబోస్’. తెలుగు బైబిల్లోని ‘యాకోబు’ దానికి దగ్గర. అరబ్బీలో ‘యాకూబ్’. లాటిన్‌లో ‘యాకోబుస్’ కాస్తా ‘యాకోముస్’ అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులో ‘జేమ్స్’ అయింది. నమ్మకపోతే కొత్త నిబంధన తీయండి. తెలుగులో ‘యాకోబు పత్రిక’ అని ఉన్నదే ఇంగ్లిషులో ‘జేమ్స్’.

మదనపల్లెలో పనిచేసిన అమెరికన్ మిషనరీ డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ (1835-1908) తెలుగు బైబిల్ సవరణ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. ఆయన పేరూ ఇదే!

చివరికి అఫిడవిట్ రాయించుకుని పింఛన్ ఇచ్చారు. తాతకి ఇదంతా చెప్తే ‘మోసగాడు’ అర్థాన్ని అస్సలు ఒప్పుకోలేదు, ‘కాపాడుగాక’ని పట్టుకున్నాడు. పక్కింటి యాకూబ్ భాయ్‌ని మాత్రం ఇప్పుడు ‘ఏం పేరోడా!’ అని పిలుస్తా ఉన్నాడు.