బూడిద నుంచి ఉష్ణోగ్రత చెప్పే గాజు

పరిశ్రమల బూడిదలోని సిలికాను కరిగించి, అందులో ఎర్బియం, డిస్ప్రోసియం వంటి విరళ మృత్తిక మూలకాలను చిటికెడు కలిపి పోత పోస్తే ప్రతిదీప్తి గాజు తయారవుతుంది. దాని మీద ఒక రంగు వెలుగు పడితే, అది మరో రంగులో వెలుగుతుంది. ఆ వెలుగు వేడికి మారే తీరును బట్టి ఉష్ణోగ్రతను లెక్కగడతారు.

మహారాష్ట్రలోని నాందేడ్ చుట్టుపక్కల ఈ బూడిదకు కరువు లేదు. మరాఠ్వాడా చక్కెర మిల్లులు బాయిలర్లలో చెరకు పిప్పినే మండిస్తాయి. పడమర పర్లీలో, తూర్పున గోదావరి ఒడ్డునే రామగుండంలో థర్మల్ కేంద్రాలున్నాయి. సరిహద్దు దాటితే, వరి ఊక పోగుపడే నిజామాబాద్ రైస్ మిల్లులు.

బూడిదలన్నీ ఒకటి కావు. ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. అందులో 85–95 శాతం సిలికాయే, వరి మొక్క నేల నుంచి పీల్చుకున్నది. థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే ఫ్లై యాష్‌లో సిలికాతో పాటు అల్యూమినా, ఇనుప ఆక్సైడూ ఉంటాయి. చిక్కంతా ఈ ఇనుముతోనే. మామూలు సీసాలకు ఆకుపచ్చ ఛాయ తెచ్చేది ఇదే. ఎర్బియాన్ని ఉత్తేజపరిచే 980 నానోమీటర్ల లేజర్ వెలుగులో కొంత భాగాన్ని ఇది మింగేస్తుంది. అందుకే ముందు బూడిదను ఆమ్లంతో కడుగుతారు. నిజానికి వ్యర్థంతో గాజు చేయడం కష్టం కాదు, దాన్ని వెలిగించడమే కష్టం.

కడిగిన సిలికాలో బోరాక్స్, సోడా కలిపి, విరళ మృత్తిక ఆక్సైడ్‌ను ఒక శాతం అటూ ఇటూగా చేర్చి నూరుతారు. మూసలో 1,100–1,200 డిగ్రీల సెల్సియస్‌లో కరిగించి, వేడిచేసిన ఇత్తడి పలక మీద పోస్తారు. వెంటనే చల్లారనిస్తే పగులుతుంది. కాబట్టి మరో కొలిమిలో కొన్ని గంటలు మగ్గబెట్టి నెమ్మదిగా చల్లారుస్తారు.

ఎర్బియం ఆకుపచ్చ వెలుగులో దాదాపు 525, 550 నానోమీటర్ల దగ్గర రెండు పట్టీలుంటాయి. వేడి పెరిగేకొద్దీ మొదటిది రెండోదానికంటే బలపడుతుంది. చూడాల్సింది ఆ రెంటి నిష్పత్తినే. గది ఉష్ణోగ్రతలో ఒక్క డిగ్రీ మారితే నిష్పత్తి సుమారు 1.2 శాతం మారుతుంది. లేజర్ కాస్త తగ్గినా, గాజు కొంచెం మసకబారినా రెండు పట్టీలూ దాదాపు ఒకే మేరకు తగ్గుతాయి గనుక లెక్క పెద్దగా తప్పదు. బూడిద గాజుకు ఇది కలిసొచ్చే గుణం. దీపంగా పనికిరాని గాజు కూడా కొలమానంగా పనికొస్తుంది.

తీగలు లేని కొలత కాబట్టి అధిక వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల మధ్య, ఎమ్మారై గదుల్లో ఇలాంటి వెలుగు ఆధారిత పద్ధతులు ఉపయోగపడతాయి. 300 డిగ్రీల సెల్సియస్ దాటాక మాత్రం డిగ్రీకి వచ్చే మార్పు 0.3 శాతానికి పడిపోతుంది. ఇంకా పైకి పోతే గాజే మెత్తబడుతుంది.