షబకీ భాష – ఇరానీయ భాషలలో దాని స్థానము

ఇరాకు దేశపు ఉత్తరభాగమున టైగ్రిస్ నదీతీరమున మోసుల్ అను నగరము కలదు. నదికి తూర్పుగట్టున ప్రాచీన అస్సీరియా చక్రవర్తుల రాజధాని యగు నీనెవె శిథిలములు నేటికిని కానవచ్చును. అచ్చటినుండి ఖాజిర్ నది వఱకు గల మైదానమున గోధుమలు, యవలు పండించుకొని జీవించు జనులలో షబకులు ఒక తెగవారు. అరబ్బులు, కుర్దులు, తుర్కమానులు, సిరియాకు భాష మాటలాడు క్రైస్తవులు, యజీదీలు వీరికి ఇరుగుపొరుగువారు. సంతకు పోయినప్పుడు అరబ్బీ మాటలాడువారును ఇంట పిల్లలతో మాటలాడునది షబకీ భాషయే. ఈ చిన్నభాష యే వంశమునకు చెందినదను ప్రశ్న పండితులకు చర్చనీయము. ఆ ప్రజలకు మాత్రము అది ప్రాణసంకటమైనది.

ఇరానీయ భాషలు సంస్కృతమునకు దాయాదులు. జరతుష్ట్ర మతస్థుల పవిత్రగ్రంథపు భాషయగు అవెస్తా, బెహిస్తూన్ కొండపై దారయవహు చక్రవర్తి (క్రీ. పూ. 522–486) చెక్కించిన శాసనపు ప్రాచీన పారసీకము ఈ కుటుంబపు పెద్దలు. నేటి ఫారసీ, కుర్దీ, బలూచీ, పష్తో మున్నగునవి వీరి సంతతివారి భాషలు. ఇందు పశ్చిమశాఖ మరల రెండు పాయలుగా చీలినది: ఫారసీ నైరృతిపాయకు, కుర్దీ, బలూచీ, షబకీ వాయవ్యపాయకు చెందినవి.

ఈ చీలికను ఎఱుగుటకు ఒక సులభమైన గుర్తు కలదు. అల్లునకు సంస్కృతమున ‘జామాత’ యని పేరు. అవెస్తాలో ఆ మాట ‘జామాతర్’. అందలి తొలి జకారమును ‘జమీను’ అను ఉర్దూమాటలోనివలె పలుకవలెను. ఫారసీలో అదే మాట ‘దామాద్’ అయ్యెను. కుర్దీలో ‘జావా’ యనియే నిలిచినది. నైరృతిపాయలో దకారమైనచోట వాయవ్యపాయ జకారమును నిలుపుకొనెనని దీనివలన తేలుచున్నది.

అయినచో షబకీ కుర్దీకి మాండలికమేనా? ఇచ్చట రెండవ గుర్తు అక్కఱకు వచ్చును. షబకీ, బాజలానీ, హవ్రామీ అనునవి గోరానీ వర్గమున చేరినవి. తుర్కీ దేశపు తూర్పుభాగమున మాటలాడు జాజా భాష వీనికి దగ్గఱిచుట్టము. సంస్కృతమున ‘యవ’ యనబడు ధాన్యమును ఫారసీవారు ‘జౌ’ అనియు, కుర్దులు ‘జో’ అనియు అందురు. హవ్రామీలో అది ‘యవ’యే. మనము ‘వాతము’ అను గాలి ఫారసీలో ‘బాద్’, కుర్దీలో ‘బా’, హవ్రామీలో ‘వా’. వింశతికి ఫారసీ, కుర్దీలు రెండును ‘బీస్త్’ అనగా, హవ్రామీ ‘వీస్’ అనును. తక్కిన భాషలు మార్చుకొన్న యకార వకారములను ఈ వర్గము కాపాడుకొనినది. ఇందువలన గోరానీ సంస్కృతమునుండి పుట్టినదని తలపరాదు. ఇరువురును ఒకే పూర్వుని ఆస్తిలో ఒక భాగమును చెడకుండ దాచుకొనిరనియే గ్రహింపవలెను. 1943లో మినోర్‌స్కీ గోరానుల చరిత్రను గూర్చియు, 1956లో మెకెంజీ బాజలానీ భాషను గూర్చియు ప్రకటించిన వ్యాసములు ఈ విచారమునకు దారిచూపినవి.

గోరానీ ఒకప్పుడు రాజాదరము పొందిన భాష. నేటి ఇరానులోని సనందజ్ రాజధానిగా గల అర్దలాను ప్రభువుల ఆస్థానమున అది కావ్యభాష. యార్సాన్ మతస్థుల పవిత్రవాఙ్మయమునకు కూడ అదియే వాహిక. షబకీకి అట్టి భాగ్యము లేదు. షబకుల పూర్వపు మతగ్రంథము ‘బుయ్‌రుక్’ సైతము తుర్కీలో నున్నది. వీరిలో పెక్కురు షియాలు, కొందఱు సున్నీలు. అరబ్బీ, తుర్కీ, కుర్దీ పదములు వారి నోట విస్తారముగా చేరుటచే దీనిని కలగూరగంపగా ఎంచినవారు కలరు. ఇది న్యాయము కాదు. దస్తావేజు, బందోబస్తు, జమాబంది, కాగితము, రోజు అను మాటలు ఫారసీనుండి మన పల్లెలకు వచ్చి చేరినంతమాత్రమున తెనుగు ఫారసీ అయినదా? అరువు మాటలను బట్టి కాక, క్రియలను, సర్వనామములను, సంఖ్యలను, ధ్వనులలోని మార్పులను బట్టి భాష కులమును నిర్ణయింపవలెను.

ఈ నిర్ణయము పుస్తకములకే పరిమితమైనచో బాగుండెడిది. 1987 జనాభా లెక్కలలో ఇరాకు ప్రభుత్వము జాతిగడిలో అరబ్బు, కుర్దు అను రెండు పేర్లకే తావిచ్చెను. షబకుడని వ్రాయించుకొనుటకు చోటు లేదు. కుర్దులమని చెప్పినవారిలో పలువురి గ్రామములను 1988లో నేలమట్టముచేసి వారిని వెడలగొట్టిరి. లెక్కపుస్తకమున ఒక గడిలో పడిన ఒక్క మాట ఇంటిని కూల్చెను! 2005 రాజ్యాంగపు నాలుగవ అధికరణము తుర్కమాను, సిరియాకు, ఆర్మేనియను వంటి మాతృభాషలలో చదువుకొను హక్కును ఇచ్చినది గాని, అందు షబకీ పేరు లేదు. 2014లో ఐసిస్ ముష్కరులు మోసులును, ఆ మైదానమును ఆక్రమింపగా షబకులు ఊళ్లు విడిచి పాఱిపోయిరి. 2016, 2017 సంవత్సరములలో ఆ ప్రాంతము విముక్తి పొందిన పిమ్మట పలువురు తిరిగి వచ్చిరి.

నేటికిని వారిని కుర్దులని కొందఱు, అరబ్బులని కొందఱు తమలో చేర్చుకొనజూతురు. తాము వేఱు జనమని షబకులలో పలువురి మాట. భాషాశాస్త్రము భాషకు చుట్టములెవరో చెప్పగలదు గాని, మనుష్యుడు తన్ను తాను ఏమని పిలుచుకొనవలెనో శాసింపజాలదు. అది అతని సొంత హక్కు. వలసపోయిన యింట పిల్లవాడు తల్లిమాటను విడిచి సంతమాటనే నేర్చినచో, వేల యేండ్లు నిలిచిన యకార వకారములు ఒక్క తరములో మాసిపోవును. రాజ్యము లేని భాషకు గ్రంథమే కోట. మన భాషకు పుస్తకములును, ఆ పుస్తకములకు ఊరూర గ్రంథాలయములును కలిగియుండుట ఎంతటి భాగ్యమో షబకుల కథ మనకు తెలుపుచున్నది.