కృష్ణామండలమునఁ జరిత్రాధ్యయనము – జీవిక

కళాశాలలోఁ జరిత్రమును జదివినవాని కేమి జీవిక లభించునను ప్రశ్న విజయవాడలో నిత్యము వినఁబడునదియే. దీనికి సమాధానము ఈ మండలపుఁ జరిత్రకారుల జీవితములయందును, ఈ నేలలో దొరకిన శాసనములయందును వెదకఁదగియున్నది.

1877వ సంవత్సరమునఁ బెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఎం. ఏ. పట్టము వడసి, మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. వారికి జీతము నొసఁగినది దివానుగిరి. ఆంధ్రులకుఁ జరిత్రవిద్య నొసఁగినది వారు మిత్రులతోఁ గూడి 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమభాగమును 1910లోఁ బ్రకటించినది ఆ మండలియే. బెజవాడ యుద్ధమల్లుని శాసనమును బరిష్కరించి ప్రకటించిన జయంతి రామయ్య పంతులుగారు డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించినవారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారో, పట్టభద్రులు గాకయే శాసనపఠనమున నసమానులై, తుదకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున నధ్యాపకులైరి. ఆ పరిషత్తు 1926లో బెజవాడ కేంద్రముగా నారంభమై, 1930లో వాల్తేరునకుఁ దరలినది. ఆ తరమువారిలోఁ బెక్కండ్రకు జీవిక యొకటి, చరిత్రకృషి వేఱొకటి. ఇది వారి త్యాగమునకు మాత్రమే గాక, నాఁటి యుద్యోగముల కొఱఁతకును నిదర్శనము.

చరిత్రపరిశోధనమే వృత్తియగు పదవులు లేకపోలేదు. 1886లో మదరాసు ప్రభుత్వము హుల్ట్‌జ్ పండితుని శాసనపరిశోధకునిగా నియమించెను. ఆ పదవికి ఆయన నర్హునిఁ జేసినది సంస్కృతభాషాపాండిత్యము. భట్టిప్రోలు వృత్తాంతముకూడ నీ విషయమునే స్థిరపఱచుచున్నది. 1892లో రీ దొర యచ్చటి స్తూపమును ద్రవ్వించి ధాతుకరండములను వెలికిఁదీయఁగా, వానిపైనున్న లేఖనములను సంస్కృతవిద్వాంసుఁడైన బ్యూలరు పరిశీలించి ప్రకటించెను. అశోకలిపిలో దీర్ఘాకారమును దెలుపు గీఁత భట్టిప్రోలు లిపిలో హ్రస్వాకారమును దెలుపును. ఈ భేదము నెఱుఁగనివాఁడు ప్రతి హ్రస్వమును దీర్ఘముగాఁ జదువును. మాత్రాభేదమునఁ బదము మాఱును. పదము మాఱఁగాఁ జరిత్రము మాఱును.

యుద్ధమల్లుని శాసనమును గైకొందము. అందుఁ గాలనిర్దేశము లేదు. తూర్పు చాళుక్యులలో నా పేరుగలవా రొక్కరికంటె నెక్కువమంది యుండుటచే, దానిని గొందఱు తొమ్మిదవ శతాబ్దపు తుదకును, గొందఱు పదియవ శతాబ్దమునకును జేర్చిరి. శాసనము మధ్యాక్కరలలో రచింపఁబడినది. వానియందు యతి యైదవగణమున నున్నది. నన్నయభట్టారకుఁడు నిట్లే ప్రయోగించెను. తరువాతి కవులు నాలవగణమున నిలిపిరి. కావున రాజవంశావళి యెంత యక్కఱయో ఛందశ్శాస్త్రము నంతయే యక్కఱ. ప్రాచీన శాసనములలోని ‘ఴ’ యను వర్ణము తరువాతి తెలుఁగున డకారముగా మాఱెను. ‘చోఴ’ శబ్దమే ‘చోడ’ యయ్యెనని వర్ణపరిణామ మెఱిఁగినవాఁడు సులభముగా గ్రహించును. ఎఱుఁగనివాఁ డొక్క నామమును రెండుగా భావించి వంశములను గలఁచును.

నేఁడు చరిత్రవిద్యార్థికి మైసూరునందలి కేంద్రప్రభుత్వ శాసనశాఖ, పురావస్తుశాఖలు, దస్తావేజుల భాండాగారములు, 1887లో శంకుస్థాపన జరిగిన భవనమున నారంభమైన విజయవాడ మ్యూజియమువంటి ప్రదర్శనశాలలు, ఉపాధ్యాయత్వము, పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షలు మార్గములై యున్నవి. ఇందుఁ బెక్కుమంది పరీక్షలవైపే మొగ్గుదురు. వ్యాకరణము నేర్చినంతమాత్రమునఁ గ్రొత్త యుద్యోగములు పుట్టవనుట సత్యమే. కాని శాసనశాఖలోఁ బని దొరకినచో ఱాతి నెదుట నిలిచి చదువఁగలవాఁడే యందు రాణించును. దొరకనిచో, రామయ్య పంతులుగారివలె నే కచేరిలోనున్నను జరిత్రసేవ చేయఁగలఁడు.

ఆంధ్రప్రదేశ్ కళాశాలలలోఁ బూర్వము బి. ఏ. విద్యార్థి మూఁడు శాస్త్రములను సమముగాఁ జదువుచుండెను. 2023–24 నుండి యొక్క ప్రధానశాస్త్రమును, దానికిఁ దోడుగా నొక మైనరును జదువు పద్ధతి వచ్చినది. చరిత్రము ప్రధానముగాఁ గైకొన్నవానికిఁ దెలుఁగో సంస్కృతమో మైనరుగా నుండుట యుచితము. తడికాగితమును ఱాతిపై నద్ది, సిరాతో నచ్చుదీయు విధమును గూడ వానికి నేర్పవలయును. దేవాలయములలోఁ బూర్వశాసనములు సున్నపుఁ బూఁతలక్రిందను, సిమెంటుక్రిందను మఱుఁగుపడుచున్నవి. ఱాయి చెడకముందే చదువరి సిద్ధపడవలయును. వ్యాకరణము లేని చరిత్రవిద్య పరులు చదివినదానిని వల్లించును. వ్యాకరణముతోఁ గూడినది తానై చదువును. జీవిక కైనను, దేశసేవకైనను ఈ రెండవదియే గట్టి పెట్టుబడి.